రుద్దకముందు తాకి చూడండి

“కాలు మొద్దువారింది సారూ, జర నూనె పెట్టి రుద్దున్రి.” నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదటి మాట ఇదే. నేను ఫిజియోథెరపిస్టును. సొంతూరు పెగడపల్లి, పని జగిత్యాలలో. ఆదివారం ఊళ్లో ఉంటే ఇంటిముందు అరుగు మీద కూడా ఇదే పని. నువ్వుల నూనె సీసా చేతిలో పట్టుకొని వచ్చే అవ్వలు “నరం మీద నరం ఎక్కింది కొడుకా, దింపు” అని కాలు చాపుతారు. రుద్దడం నా వృత్తిలో ఒక భాగం, దాన్ని తక్కువ చేయను. అయితే రుద్దే ముందు ఒక పని తప్పకుండా చేస్తాను. నా రెండు చేతుల వెనుక భాగాలను వాళ్ల రెండు మోకాళ్ల మీద ఆనించి, వేళ్ల దాకా ఒకేసారి కిందికి జార్చుకుంటూ పోతాను. రెండు కాళ్లూ ఒకే తీరుగా వెచ్చగా ఉన్నాయా, ఒకటి చల్లబడిందా, ఒకటి కాలుతోందా? అరనిమిషం పట్టదు. ఈ పని మా మండలంలో ప్రతి ఇంట్లో తెలిసి ఉంటే కొన్ని కాళ్లు, కొన్ని ప్రాణాలు మిగిలేవని నా గట్టి నమ్మకం.

కరోనా వచ్చిపోయాక ఇంకో ప్రశ్న ఎక్కువైంది. “తిమ్మిర్లు వస్తున్నయ్, లోపల రక్తం గడ్డ కట్టిందా సారూ?” ఫోన్లో ఏదో వీడియో చూసి రాత్రంతా నిద్రపోకుండా వస్తారు. అట్లా భయపడేవాళ్లకు ముందు ఒక ఊరట. తిమ్మిరి అని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి రక్తం గడ్డతో సంబంధం ఉండదు. నరం నొక్కుకుపోవడమో, షుగరో, బి12 విటమిన్ తగ్గడమో, నడుములో డిస్కు జరగడమో కారణం. అట్లని రెంటికీ సంబంధమే లేదనుకుంటే అంతకన్నా ప్రమాదం. సంబంధం ఉన్నచోట లెక్క రోజుల్లో ఉండదు, గంటల్లో ఉంటుంది.

కాలులోకి గుండె నుంచి మంచి రక్తాన్ని తెచ్చేవి ధమనులు. వాడిన రక్తాన్ని తిరిగి పైకి తీసుకుపోయేవి సిరలు. స్పర్శను, కదలికను మోసేవి నరాలు. మన వాడుకలో మూడూ నరాలే కాబట్టి ఇక్కడ విడదీసి చెబుతున్నాను. కాకతీయ కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లకు మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. తూము పూడిపోతే మడి ఎండుతుంది. నీళ్లు బయటికి పోయే మురుగు కాలువ పూడితే అదే మడి మునుగుతుంది. ధమనిలో గడ్డ అడ్డుపడిన కాలు ఎండుతుంది. అంటే పాలిపోతుంది, చల్లబడుతుంది, మొద్దుబారుతుంది. సిరలో గడ్డ అడ్డుపడిన కాలు వాస్తుంది, బరువెక్కుతుంది, వేడెక్కుతుంది. తిమ్మిరి ప్రధానంగా మొదటిదాని లక్షణం. వాపు రెండోదాని లక్షణం.

ముందు నరం నలిగి వచ్చే తిమ్మిరి సంగతి. మా అమ్మ బీడీలు చేసి నన్ను చదివించింది. పెగడపల్లి, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఈ మాట చెప్పగలిగేవాళ్లు ఎంతమందో ఉన్నారు. తునికాకు తడిపి పెట్టుకోవడం, కత్తెరతో ముక్కలుగా కత్తిరించడం, ఒళ్లో చాట పెట్టుకొని తంబాకు పోసి చుట్టి దారం కట్టడం. వెయ్యి బీడీలు అయ్యేసరికి పొద్దు గుంకుతుంది. అదంతా నేల మీద బాసింపట్టు వేసుకొని చేసే పని. మీ మోకాలి బయటి వైపు, కొంచెం కిందికి, వేలితో తడిమి చూడండి. ఒక చిన్న ఎముక గుబ్బ తగులుతుంది. దాని వెనుక నుంచి చుట్టుకొని ఒక నరం చర్మం కిందనే పోతుంది. దానికి కండ కాపు లేదు. గంటల తరబడి కాళ్లు మడిచి కూర్చుంటే ఆ నరం గుబ్బకు ఆనుకొని నలుగుతుంది. పిక్క బయటి పక్క, పాదం పైభాగం మొద్దుబారతాయి. ముదిరితే పాదం పైకి లేవదు.

ఒక అక్క వచ్చింది. “నడుస్తుంటే చెప్పు ఊడిపోతున్నది సారూ, ఊడింది గూడ తెలుస్తలేదు” అంది. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకున్నారు, ఒక బంధువు రక్తం గడ్డ అన్నాడు. కాలు వెచ్చగానే ఉంది. వాపు లేదు. పాదం మీద నాడి చక్కగా కొడుతోంది. గుబ్బ వెనుక వేలితో మెల్లగా తట్టగానే జివ్వుమని పాదం దాకా పాకిందట. నలిగింది నరమే. ఎత్తైన పీట మీద కూర్చొని కాళ్లు కిందికి వదిలి పని చేసుకోవాలని, అరగంటకోసారి లేచి నడవాలని చెప్పాను. పాదం ఎత్తి పట్టే పట్టీ ఇచ్చి కసరత్తు చేయించాం. కొన్ని నెలల్లో చెప్పు కాలికి నిలిచింది. పసుపు ఏరేటప్పుడు, కలుపు తీసేటప్పుడు గొంతుకూర్చొని పనిచేసే ఆడవాళ్లకు కూడా ఇదే నరం దెబ్బతింటుంది. ఇట్లాంటి తిమ్మిరికి రక్తనాళాలను చూసే డాప్లర్ పరీక్ష అక్కర్లేదు, కూర్చునే తీరు మారాలి.

షుగరు తిమ్మిరి వేరు. అది రెండు పాదాల వేళ్ల దగ్గర మొదలై, మేజోడు తొడిగినంత మేర మెల్లగా పైకి వస్తుంది. నెలలు, ఏళ్లు పడుతుంది. చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ బిళ్లలు వాడేవాళ్లలో బి12 కూడా తగ్గవచ్చు, అదీ తిమ్మిరి తెస్తుంది. మాకు కొండగట్టు ఆంజనేయస్వామి గుడి దగ్గర. హనుమాన్ దీక్ష తీసుకున్నవాళ్లు ఎండాకాలంలో చెప్పుల్లేకుండా తారు రోడ్డు మీద నడుస్తారు. పెద్ద హనుమాన్ జయంతి వైశాఖ బహుళ దశమి నాడు, ఎండలు మండే రోజుల్లో వస్తుంది. షుగరున్న స్వాములకు అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. బట్టకు అంటిన చీము చూసి గుర్తుపట్టి వచ్చినవాళ్లున్నారు. షుగరుతో పాటు ధమనులు కూడా సన్నబడి ఉంటే ఆ పుండు మానదు. చెప్పులేసుకున్న భక్తుణ్ణి ఆంజనేయుడు కాదనడని నా విశ్వాసం. చెప్పుల్లేకుండానే నడుస్తామంటే రోజూ సాయంత్రం అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకోవాలి.

రెండు కాళ్లకూ సమానంగా, మెల్లమెల్లగా పెరిగిన తిమ్మిరి గడ్డ వల్ల రావడం అరుదు. ఒక్క కాలికి, ఉన్నట్టుండి వచ్చినదాన్నే అనుమానించాలి. ఆ కాలితో పాటు అదే వైపు చెయ్యి కూడా మొద్దుబారి, మూతి వంకరపోయి, మాట తడబడితే గడ్డ మెదడులో అడ్డుపడి ఉండవచ్చు. గడ్డను కరిగించే మందు అలాంటివాళ్లకు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. నా దగ్గరికి కాదు, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక సిరల్లో గడ్డ. మా దిక్కు గల్ఫ్‌కు మనిషి పోని ఇల్లు తక్కువ. సౌదీ నుంచి వచ్చిన మా ఊరి పిల్లగాడు ఒకడు, వచ్చిన మర్నాడే ఎడమ కాలు ఈడ్చుకుంటూ అరుగెక్కాడు. “బిగుసుకపోయి మొద్దువారినట్టున్నది అన్నా” అన్నాడు. క్యాంపు నుంచి విమానాశ్రయానికి బస్సు, అక్కడ పడిగాపులు, ఐదారు గంటల విమానం, శంషాబాద్ నుంచి కారులో నలుగురి మధ్య ఇరుక్కొని ఇంకో నాలుగు గంటలు. దారిలో మాటిమాటికి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగలేదట. పిక్క తాకితే వేడిగా, గట్టిగా ఉంది. నా దగ్గర టైలర్ టేపు ఎప్పుడూ ఉంటుంది. మోకాలి చిప్ప కింద తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలత తీశాను. 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే అనుమానించాలని వైద్యుల లెక్క. అతనికి అంతకన్నా ఎక్కువే ఉంది.

వాళ్లమ్మ అప్పటికే నూనె వెచ్చజేసి తెచ్చింది. నేను ముట్టనన్నాను. “రుద్దెటోనివి నువ్వే రుద్దకపోతే ఎట్ల కొడుకా? పిల్లగాడు తండ్లాడుతుండు” అని కోపం చేసింది. ఆమెకు చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. వాచి వేడిగా ఉన్న పిక్కను రుద్దితే, లోపల సిర గోడకు అంటుకొని ఉన్న గడ్డలో ఒక ముక్క ఊడిపోవచ్చు. కాళ్ల సిరల్లోని రక్తమంతా గుండె కుడివైపుకే చేరుతుంది, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు. ఆ ముక్క పోయి ఊపిరితిత్తి ధమనిలో అడ్డుపడితే ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం. పెద్ద ముక్కయితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆ సాయంత్రమే జగిత్యాలలో డాప్లర్ స్కాన్ చేయించారు. మోకాలి వెనుక సిర నుంచి తొడ దాకా గడ్డ. మందులు మొదలుపెట్టారు, బతికాడు, మళ్లీ పనికి పోయాడు.

ప్రయాణం వల్ల గడ్డలు వస్తాయా అన్నదాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. విమానమైనా, బస్సయినా, రైలైనా, కారైనా నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని తేలింది. రెట్టింపయినా సుమారు 6000 మంది ప్రయాణికుల్లో ఒకరికే వస్తుంది, కాబట్టి గల్ఫ్‌కు పోయేవాళ్లు బెంబేలు పడనవసరం లేదు. సీట్లో కూర్చొనే మడమలు పైకి, వేళ్లు పైకి మార్చి మార్చి ఆడించండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. నీళ్లు తాగండి. పిక్క కండ బిగిసినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి నెడుతుంది. అది కదలకపోతే రక్తం కిందనే నిలుస్తుంది.

రక్తం గడ్డకట్టడానికి జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు మీద చెప్పుకునే కారణాలు మూడు. రక్తం ప్రవాహం మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తమే సులువుగా గడ్డకట్టే గుణానికి రావడం. ఈ మూడింటినీ పట్టుకొని మన ఊళ్లను చూస్తే ముప్పు ఎవరికో ఇట్టే తెలుస్తుంది. కాలు విరిగి పట్టీ కట్టించుకొని మంచాన పడ్డవాళ్లు. బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగిన ముసలివాళ్లు. క్యాన్సర్‌కు మందులు వాడుతున్నవాళ్లు. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) దగ్గర పొద్దంతా నిలబడి పనిచేసి, పిక్కల మీద సిరలు ఉబ్బి మెలికలు తిరిగినవాళ్లు. వీళ్లందరికన్నా ఎక్కువ మనసుపెట్టి ఆలోచించాల్సింది బాలింతల గురించి.

గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత ఆరు వారాల దాకా ఆడవాళ్ల రక్తం సులువుగా గడ్డకట్టే స్థితిలో ఉంటుంది. కాన్పులో రక్తం పోకుండా ఆపడానికి ప్రకృతి చేసిన ఏర్పాటది. దానికి కడుపు కోత తోడైతే ముప్పు పెరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఇంటికొచ్చాక మనం చేసేదేమిటి? లేవొద్దు, కదలొద్దు, నీళ్లు తాగితే పొట్ట వస్తుంది అని బాలింతకు గొంతు తడిపేటన్ని నీళ్లే ఇస్తాం. పడుకొని ఉంటే ప్రవాహం మందగిస్తుంది, నీళ్లు లేకపోతే రక్తం చిక్కబడుతుంది. ఈ ఆచారం మానాలని చేతులు జోడించి అడుగుతున్నాను. డాక్టరు లేచి నడవమన్న రోజు నుంచి బాలింతను నడవనివ్వండి, దాహమైనప్పుడల్లా నీళ్లివ్వండి. బాలింతకు ఒక కాలు వాచినా, తట్టుకోలేని తలనొప్పి వచ్చినా, మూర్ఛ వచ్చినా గాలి సోకిందని తాయెత్తు కట్టడం కాదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. మెదడు సిరల్లో కూడా గడ్డలు కడతాయి.

మా ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బోదకాలుకు పేరుపడ్డ ప్రాంతం. 2018 నుంచి బోదకాలు బాధితులకు ప్రభుత్వం పింఛను కూడా ఇస్తోంది. అందుకని ఒక కాలు వాచిందంటే చాలు బోదకాలే అనుకొని ఊరుకుంటారు. బోదకాలు ఏళ్ల మీద పెరుగుతుంది, చర్మం మందమవుతుంది. నిన్న లేని వాపు ఇవాళ వస్తే, రెండు మూడు రోజుల్లో పిక్క బిగుసుకుపోతే, అది బోదకాలు అని మీకు మీరు తీర్పు చెప్పుకోవద్దు. సిరలో గడ్డను పట్టించుకోకపోతే, బతికినా దాని జాడ కాలులో మిగులుతుంది. ఏళ్ల తర్వాత బరువు, తిమ్మిరి, దురద, చీలమండ దగ్గర చర్మం నల్లబడటం, మానని పుండు. సిరలో గడ్డకూ తిమ్మిరికీ నేను తరచుగా చూసే సంబంధం ఇదే, ఆలస్యంగా బయటపడేది.

ఇప్పుడు ధమనుల సంగతి. బీడీ గురించి మళ్లీ చెప్పాలి, ఈసారి తాగేవాళ్ల గురించి. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో లియో బర్జర్ అనే వైద్యుడు కోసేసిన కాళ్లను పరీక్షించి 1908లో ఒక జబ్బును వివరంగా రాశాడు. దానికి ఆయన పేరే పెట్టారు. ఎక్కువగా యాభై ఏళ్ల లోపు మగవాళ్లకు, దాదాపు అందరూ పొగాకు వాడేవాళ్లకే వస్తుంది. కాళ్లు, చేతుల్లోని చిన్న ధమనులు, సిరలు వాచి లోపల గడ్డలు కట్టి మూసుకుపోతాయి. మన దేశంలో, బంగ్లాదేశ్‌లో ఇది కనిపించేది ఎక్కువగా బీడీ తాగేవాళ్లలోనే.

నలభై దాటని ఒక గొర్లకాపరి నా దగ్గరికి తిమ్మిరి అనే వచ్చాడు. “పాదం నా పాదం లెక్కనే లేదు సారూ. చెరువుకట్ట సగం దాక నడిస్తే అరికాలు పట్టేస్తది, జరసేపు నిలబడితే మళ్ల నడుస్త” అన్నాడు. రాత్రిళ్లు నొప్పికి నిద్రపట్టక కాలు మంచం కిందికి వేలాడేసుకొని కూర్చుంటాడట. వేలాడేస్తే రక్తం కొంచెం కిందికి దిగి నొప్పి తగ్గుతుంది, అందుకే అట్లా కూర్చుంటారు. పాదం చల్లగా ఉంది. బొటనవేలు కొన నల్లబడి చిన్న పుండు. గోరు నొక్కి వదిలితే మామూలుగా రెండు సెకన్లలో తిరిగి ఎర్రబడాలి. అతనికి తెల్లగా అట్లాగే ఉండిపోయింది. పాదం మీద నాడి నా వేళ్లకు అందలేదు. రోజుకు రెండు కట్టల బీడీ. పక్కనే నిలబడ్డ అతని భార్య మెల్లగా అడిగింది, “నేను చేసిన బీడీలే ఈయన కాలు తిన్నయా సారూ?” అని.

నీ తప్పు కాదక్కా అన్నాను. మా అమ్మ మొహం గుర్తొచ్చింది. ఆ పని ఇష్టపడి చేసేవాళ్లెవరూ లేరు, ఇంట్లో కూర్చొని చేసుకునే వేరే పని చూపించనంత కాలం వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆయనను హైదరాబాద్ పంపాం. ఒక వేలు తీసేశారు. ఆయన బీడీ మానేశాడు, పాదం నిలిచింది. ఈ జబ్బుకు మందులకన్నా మానడమే పెద్ద మందు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు తమ రోగులను గమనించి చెప్పిందేమిటంటే, పొగాకు మాననివాళ్లలో 100కి 43 మంది వేలో, పాదమో, కాలో పోగొట్టుకున్నారు. కుళ్లు మొదలు కాకముందే మానేసినవాళ్లలో దాదాపు అందరి కాళ్లూ నిలిచాయి. తగ్గిస్తే చాలదు. రోజుకు ఒకటి రెండు తాగినా జబ్బు రగులుతూనే ఉంటుంది. బీడీ మాని జర్దా, గుట్కా నమిలినా అంతే.

మెల్లగా కాకుండా ఒక్కసారిగా ధమని మూసుకుపోవడం ఇంకో రకం, అన్నింటికన్నా భయంకరం. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం పాడైనవాళ్లు, పెద్ద వయసులో గుండె లయ తప్పి దడదడ కొట్టుకునేవాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, వీళ్ల గుండె గదిలో రక్తం సుళ్లు తిరిగి గడ్డకడుతుంది. అది కదిలి మెదడుకైనా పోతుంది, కాలికైనా పోతుంది. తొడ దగ్గర ధమని రెండుగా చీలే చోట ఇరుక్కుంటుంది. ఆక్సిజన్ అందకపోతే అన్నింటికన్నా ముందు అల్లాడేవి నరాలు. అందుకే తిమ్మిరి మొదట్లోనే వస్తుంది. విపరీతమైన నొప్పి, కాలు తెల్లబారడం, నాడి అందకపోవడం, చల్లబడటం, మొద్దుబారడం, చివరికి వేళ్లు కదలకపోవడం. సుమారు ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది.

గుండె జబ్బున్న ఒక పెద్దమ్మకు రాత్రి పదకొండు గంటలకు ఇట్లా అయింది. చలికి బిగుసుకుపోయిందనుకొని ఇంట్లోవాళ్లు ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టారు. స్పర్శ లేని కాలు కాబట్టి కాలినా ఆమెకు తెలియలేదు. నొప్పి కూడా తగ్గింది, నిద్రపోయింది. నయమవుతోందనుకున్నారు. నరం చచ్చిపోతే నొప్పి తగ్గుతుందని వాళ్లకు ఎవరు చెప్పాలి? తెల్లారి నన్ను పిలిచేసరికి మోకాలి కింద నీలి మచ్చలు. ఆ కాలును మోకాలి పైదాకా తీసేయాల్సి వచ్చింది. పెగడపల్లి నుంచి హైదరాబాద్ దాదాపు నాలుగు గంటల ప్రయాణం. ఆరు గంటల్లో నాలుగు రోడ్డు మీదే పోతాయంటే, ఇంట్లో కాపడం పెట్టుకుంటూ కూర్చునే వ్యవధి మనకు లేదు.

సకాలంలో పోతే చేసే వైద్యం మాత్రం చాలా సూక్ష్మమైనది. అమెరికాలోని సిన్సినాటిలో థామస్ ఫోగర్టీ అనే యువకుడు చదువుకుంటూ ఆపరేషన్ థియేటర్లలో పనిచేసేవాడు. అప్పట్లో గడ్డ తీయడానికి కాలు పొడవునా కోసేవాళ్లు, చాలామంది కాళ్లు, ప్రాణాలు పోయేవి. ఆయనకు గాలంతో చేపలు పట్టే అలవాటుంది. సన్నని రబ్బరు గొట్టం కొనకు సర్జికల్ గ్లవుజు వేలి ముక్కను గాలానికి దారం చుట్టినట్టు చుట్టి బెలూను చేశాడు. గొట్టాన్ని గడ్డ దాటేదాకా లోపలికి పంపి, బెలూన్ ఉబ్బించి, వెనక్కి లాగితే గడ్డ దానితో పాటే బయటికి వస్తుంది. మనిషి మీద దాన్ని మొదట వాడింది 1961లో. ఇవాళ హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో రక్తనాళాల సర్జన్లు ఉన్నారు, ఈ బెలూన్ గొట్టం వాళ్ల రోజువారీ పనిముట్టు.

సిరలో గడ్డకు ఎక్కువమందికి ఆపరేషన్ ఉండదు, రక్తం పలుచగా ఉంచే మందులే. హెపారిన్ ఇంజెక్షను, తర్వాత బిళ్లలు. వార్ఫరిన్ బిళ్ల కథ పశువులున్న ఇళ్లవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చచ్చిపోయేవి. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు మంచు తుపానులోనే, చచ్చిన పడ్డనూ, పాలక్యానులో నింపిన గడ్డకట్టని రక్తాన్నీ కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలకు మోసుకెళ్లాడు. ఆ రక్తం వెనుకపడి లింక్ బృందం కనిపెట్టినదాని నుంచే వార్ఫరిన్ పుట్టింది. 1948లో ఎలుకల మందుగా, 1954 నుంచి మనుషుల మందుగా వాడుకలోకి వచ్చింది. ఈ బిళ్ల వాడేవాళ్లు ఐఎన్‌ఆర్ అనే రక్త పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. పాలకూర, తోటకూర మానక్కర్లేదు, ఒకరోజు కట్టలు కట్టలు తిని నాలుగు రోజులు ముట్టకుండా ఉండకుండా, రోజూ ఒకే తీరుగా తినాలి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు దీనితో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఇప్పుడు తరచూ పరీక్ష అక్కర్లేని కొత్త బిళ్లలూ ఉన్నాయి. ఏది వాడినా, కాలు వాపు తగ్గిందని మీ అంతట మీరు మానేయొద్దు.

గడ్డ వల్ల కాలు మొద్దుబారడమే కాదు, మొద్దుబారిన కాలులో గడ్డ కట్టడమూ ఉంది. పక్షవాతం వచ్చి కాలు పడిపోయినవాళ్లను మంచంలోనే ఉంచి సేవ చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ కదలని పిక్కలో రక్తం నిలుస్తుంది, స్పర్శ లేదు కాబట్టి నొప్పి కూడా చెప్పలేరు. అలాంటివాళ్ల రెండు పిక్కలూ రోజూ స్నానం చేయించేటప్పుడు పోల్చి చూడండి. ఒకటి కొత్తగా వాచినట్టు కనిపిస్తే కసరత్తు ఆపి ముందు డాక్టరుకు చూపించండి. వాపు లేకపోతే రోజుకు మూడు నాలుగుసార్లు మడమ పట్టుకొని పాదాన్ని పైకీ కిందికీ ఆడించండి.

చదువుతున్న మీరు ఇవాళే మీ ఇంట్లో పెద్దవాళ్ల పాదం చేతిలోకి తీసుకోండి. బొటనవేలి నుంచి పైకి వచ్చే తీగలాంటి దానికి పక్కన, పాదం మధ్యలో, మూడు వేళ్లు మెత్తగా ఆనించి నాడి వెతకండి. అక్కడ అందకపోతే లోపలి చీలమండ ఎముక వెనుక చూడండి. కొందరికి పాదం మీద పుట్టుకతోనే అందదు, అందుకే రెండు చోట్లా చూడమంటున్నాను. మామూలు రోజున అది ఎక్కడ కొడుతుందో తెలిసి ఉంటే, కొట్టని రోజున మీకే తెలుస్తుంది. ఏ రాత్రయినా ఒక కాలు ఉన్నట్టుండి నొప్పిపెట్టి, చల్లబడి, మొద్దుబారితే నూనె సీసా, ఇటుక పక్కన పెట్టి 108కు ఫోన్ చేయండి. “ఒక్క కాలు చల్లబడింది, నాడి అందడం లేదు, ఫలానా గంటకు మొదలైంది” అని ఆ మూడు ముక్కలే చెప్పండి. రక్తనాళాల సర్జన్ ఎక్కడున్నారో దారిలోనే ఫోన్లో కనుక్కోండి. తెల్లారేదాకా మాత్రం ఆగకండి.